మంచుకాలంలో జపాన్ ఒన్సెన్ సత్రానికి వెళ్తున్నారా? ముందే చూసుకోవాల్సినవి

డిసెంబరు నుంచి మార్చి దాకా అకితా, యమగతా, అఒమొరి కొండల్లోని ఒన్సెన్‌ల (వేడినీటి ఊటల) దగ్గరి చిన్న ర్యోకాన్‌లకు, అంటే పాతకాలపు సత్రాలకు వెళ్లే మనవాళ్ల మొదటి బెంగ, పదిమందిలో బట్టలు విప్పాలే అని. అది ఐదు నిమిషాల్లో పోతుంది. అసలు భయపడాల్సింది బట్టలు విప్పే గదిలోని చలికీ, తొట్టిలోని నీటి వేడికీ మధ్య తేడా గురించి. పాత చెక్క సత్రాల్లో ఆ గదికి హీటర్ లేకపోవచ్చు. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. అదే మనిషి 42 డిగ్రీల నీళ్లలో దిగగానే నాళాలు వదులై బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. కళ్లు తిరిగి కూర్చున్నచోటే నీళ్లలోకి జారిపోతారు. జపాన్‌లో దీన్ని హీట్ షాక్ అంటారు, ఎక్కువగా పెద్దవాళ్లకే వస్తుంది. అమ్మానాన్నల్ని ఇండియా నుంచి పిలిపించుకుని తీసుకెళ్లేవాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

నీళ్లలో దిగే వరస

బట్టలు విప్పకముందే గ్లాసుడు నీళ్లు తాగండి. లోపలికి వెళ్లగానే గుమ్మం పక్కన చెక్క గిన్నెలు బోర్లించి ఉంటాయి. ఒకటి తీసుకుని తొట్టిలోని వేడినీళ్లే ముంచి ముందు పాదాల మీద, తర్వాత మోకాళ్లు, నడుము, చేతులు, చివరికి భుజాల మీద పోసుకోవాలి. దీన్ని కకెయు అంటారు. మర్యాద కోసం రెండు గిన్నెలు చిలకరించుకుంటే చాలదు. ఒంటికి వేడి అలవాటు కావాలంటే ఏడెనిమిది గిన్నెలైనా పడాలి. ఆ తర్వాత చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా రుద్దుకుని, నురగ పూర్తిగా పోయాకే తొట్టిలోకి. తలకు కొబ్బరినూనె ఉంటే షాంపూతో రెండుసార్లు కడగండి. అందరూ దిగే నీటి మీద నూనె తేలితే ఎవరి తలదో అడగక్కర్లేకుండానే తెలిసిపోతుంది. జుట్టు పైకి ముడేయాలి, చిన్న తువ్వాలు నీటికి తగలకూడదు, మడిచి నెత్తిన పెట్టుకోవచ్చు.

మెడదాకా మునగకండి, గుండెజబ్బు ఉన్నవాళ్లు నడుముదాకా చాలు. 41 డిగ్రీలు మించని నీళ్లలో పది నిమిషాల లోపు ఉండమని జపాన్ ప్రభుత్వ సూచన. కానీ ఊటనీళ్లు మనం చెప్పినట్టు వినవు. నొజవాలాంటి చోట్ల వీధి స్నానశాలల్లో కాలు పెట్టలేనంత వేడి ఉంటుంది. నీళ్లు ధారగా పడే మూలే అన్నిటికన్నా వేడి, దానికి ఎదురుమూల కూర్చోండి. లేచేటప్పుడు అంచు పట్టుకుని నెమ్మదిగా లేవాలి, గబుక్కున లేస్తేనే కళ్లు తిరుగుతాయి. తిరిగినట్టు అనిపిస్తే అక్కడే గట్టు మీద కూర్చుని తల వంచండి, నడిచి బయటపడాలని చూడొద్దు. పక్కవాళ్లు ఒరిగిపోతే ముందు మొహం నీళ్ల పైకి ఎత్తి పట్టుకుని "తసుకెతె!" అని అరవండి. అంబులెన్స్ నంబరు 119.

భోజనంతో పాటు సాకే (బియ్యపు మద్యం) తాగితే ఆ రాత్రికి స్నానం వద్దు. కాబట్టి సాయంత్రం చేరగానే ఒకసారి, పొద్దున లేచాక ఒకసారి చాలు. డబ్బులిచ్చాం కదా అని నాలుగైదుసార్లు దిగితే మర్నాడు ఒళ్లు నీరసం, తలనొప్పి, వికారం వస్తాయి. దానికి యుఅతరి అని ఒక పేరే ఉంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు వేడినీళ్లలో మందు త్వరగా రక్తంలోకి వెళ్లి షుగరు పడిపోవచ్చు, సూది వేసుకున్న వెంటనే దిగకండి. గర్భిణులు దిగకూడదన్న పాత నిషేధాన్ని జపాన్ పర్యావరణ శాఖ 2014లో జాబితా నుంచి తీసేసింది. ఇప్పుడు వాళ్లు జాగ్రత్తపడాల్సింది జారే నేల విషయంలో. గంధకపు తెల్లటి పొరలు పేరుకున్న రాళ్లు పాచి పట్టిన మెట్లకన్నా జారుడు. ఆరుబయటి తొట్టికి వెళ్లే దారిలో నీళ్లు గడ్డకట్టి ఉంటాయి, కమ్మీ వదలకండి.

మెట్టెలు, పట్టీలు, గంధకం

గుడ్లు కుళ్లిన వాసన వచ్చి, పాలలా తెల్లగా ఉండే నీళ్లంటే గంధకం ఉన్నట్టే. అకితాలోని న్యూతో ఒన్సెన్ లోయలో ఇలాంటి సత్రాలున్నాయి. ఆ నీళ్లు తగిలిన వెండి క్షణాల్లో పసుపు తిరిగి, చూస్తుండగానే నల్లబడుతుంది. మెట్టెలు, పట్టీలు, రాగి కలిసిన గొలుసులు తీసి జిప్ సంచిలో వేసి గదిలోనే ఉంచండి. గంధకపు ఆవిరి కూడా వెండిని వదలదు కాబట్టి బట్టలు విప్పే గది బుట్టలో పెట్టినా లాభం లేదు. నల్లబడితే కంగారు పడక్కర్లేదు: గిన్నె అడుగున అల్యూమినియం రేకు పరిచి, వంటసోడా వేసి, మరిగే నీళ్లు పోసి మెట్టెల్ని రేకుకు తగిలేలా ఉంచితే తేటపడతాయి. మెట్టెలు తీయడం ఇష్టం లేనివాళ్లు గంధకం లేని ఊట ఎంచుకోవాలి. నీటిలో ఏముందో చెప్పే పత్రాన్ని ప్రతి స్నానశాలలో గోడకు పెట్టాలని అక్కడి చట్టం. బుక్ చేసేటప్పుడే ఫోన్లో అడిగినా చెబుతారు.

ఆమ్లపు నీళ్లు వేరే కథ. కుసత్సు నీటి పీహెచ్ దాదాపు 2, తమగవాది 1.2 దగ్గర. షేవింగ్ గాటు ఉన్నా భగ్గుమంటుంది. కళ్లు రుద్దుకోవద్దు, బయటికి వచ్చాక మామూలు నీళ్లు పోసుకోండి.

గంధకపు ఊట దగ్గర హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. గాలికన్నా బరువు, పల్లంలో నిలుస్తుంది. ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన రావడం లేదంటే ప్రమాదం లేదని కాదు. 2005 డిసెంబరులో అకితాలోని దొరొయు ఒన్సెన్‌లో మంచు గుంతలో నిలిచిన ఈ వాయువుకు ఒకే కుటుంబంలో నలుగురు చనిపోయారు. తాడు కట్టిన చోట ఫోటోల కోసం కూడా దాటొద్దు. స్నానశాలలో గోడకు కిందుగా, పైన తెరిచి ఉన్న కంతలు, కిటికీలు ఈ గాలి పోవడానికే. చలేస్తోందని మూయకండి.

గుమ్మం తెర

ఆడవాళ్లు, మగవాళ్ల స్నానశాలలకు గుమ్మాన గుడ్డ తెర వేలాడుతుంది. చాలా సత్రాల్లో రాత్రికీ పొద్దుటికీ రెండూ తారుమారవుతాయి. నిన్న ఎడమవైపు వెళ్లానన్న ధైర్యంతో నిద్రకళ్లతో దూరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తెర రంగు నమ్మకండి, అక్షరం చూడండి: పైభాగాన నాలుగు గళ్ల పెట్టె ఉంటే మగవాళ్లది. పెట్టె లేకుండా, కాలు మీద కాలు వేసుకున్నట్టు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటే ఆడవాళ్లది. పదిమందిలో దిగలేమనుకుంటే కషికిరి అడగండి. కుటుంబానికి ముప్పావుగంటో గంటో కేటాయించే తొట్టి అది. చేరగానే సమయం రాయించుకోవాలి, ఆలస్యమైతే రాత్రి పదో పదకొండో మిగులుతుంది. వేడి ఎక్కువైతే అడగకుండా చన్నీళ్లు కలపొద్దు.

బయల్దేరక ముందు

చూపించే ధర చాలాచోట్ల గదికి కాదు, మనిషికి. నలుగురికీ కలిపి లెక్కేసుకోండి. రాత్రి భోజనం ఆరు, ఆరున్నరకే, ఏడు తర్వాత వంటగది ఉండదు. ఊరి స్టేషన్ నుంచి చివరి బస్సు సాయంత్రం నాలుగైదుకే పోవచ్చు. సత్రం వ్యాను ఉంటే ముందురోజే రైలు సమయం చెప్పి ఖాయం చేసుకోవాలి. మంచుకు రైలు ఆలస్యమైతే వెంటనే ఫోన్ చేయండి. చెప్పకుండా రాకపోతే డబ్బంతా పోతుంది. కారులో వెళ్తే మంచు టైర్లు ఉన్నాయో లేదో అద్దె రసీదులో చూసుకోండి. కొన్ని కొండదారులు చలికాలమంతా మూసేస్తారు, మ్యాపు మాత్రం దారి చూపిస్తూనే ఉంటుంది.

శాకాహారులు ఇక్కడే దెబ్బతింటారు. "వెజిటేరియన్" అంటే మాంసం, చేప ముక్క పెట్టరు, కానీ సూపు, కూర, టెంపురా ముంచుకునే రసం అన్నీ ఎండు చేప తురుముతో కాచిన దషితోనే. వారం ముందే "కత్సుఒబుషి నొ దషి మొ తబెరరెమసెన్" (ఎండు చేప దషి కూడా తినలేం) అని రాయండి, కొంబు (సముద్రపు నాచు), షియితకె (పుట్టగొడుగు)తో చేయగలరా అని అడగండి. కుదరదంటే భోజనం లేని సుదొమరి తీసుకోండి. అయితే ఆ కొండ మీద హోటలూ కొట్టూ ఉండవు. గదిలో సాధారణంగా వేడినీళ్ల కెటిల్ ఉంటుంది, మైక్రోవేవ్ ఉండదు. వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా ప్యాకెట్లు పనికొస్తాయి. ఆవకాయ తింటే పళ్లెం బల్ల మీదే ఉండాలి. తతామి చాప మీద పడ్డ నూనె మరక పోదు, చాప మార్పు ఖర్చు మీ బిల్లులోకి రావచ్చు. చాప మీదికి చెప్పులు, సూట్‌కేసు చక్రాలు రాకూడదు.

గదిలో కిరోసిన్ హీటరు ఉంటే గంటకోసారైనా కిటికీ తీసి గాలి మార్చాలి, పరుపు దగ్గరికి జరపొద్దు. చాలావాటికి వెలిగించిన మూడు గంటల తర్వాత దానంతటదే ఆగే ఏర్పాటుంది, తెల్లవారుజామున గది మంచుగడ్డ అవుతుంది. దుప్పటి అదనంగా పడుకోకముందే అడగండి. కొతత్సు (అడుగున హీటరు, పైన దుప్పటి ఉండే పొట్టి బల్ల) కింద కాళ్లు చాపి నిద్రపోతే ఒళ్లు ఎండిపోతుంది, చర్మం కాలినా తెలియదు. సత్రంలో ఇచ్చే యుకత (పలుచటి నూలు కిమోనో) తొడిగేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వేసేది శవానికి.

బయటికి వెళ్లాలంటే చెక్క చెప్పులు కాదు, సత్రంవాళ్లిచ్చే రబ్బరు బూట్లు వేసుకోండి. చూరు కింద నిలబడొద్దు. ఎండ కాసిన మధ్యాహ్నమే కప్పు మీది మంచు ఒక్కసారిగా జారుతుంది. ఖాళీ చేసేది పొద్దున పదికి, చిన్న సత్రాల్లో కార్డు నడవకపోవచ్చు. స్నానపు పన్ను మనిషికి రాత్రికి 150 యెన్‌లు చాలాచోట్ల విడిగా అక్కడే కట్టాలి, స్టేషన్ దాటకముందే నగదు తీసుకోండి.