ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ రద్దుకు దరఖాస్తు: నోటీసు గడువు లెక్క తెలుసుకోండి

బ్రాడ్‌బ్యాండ్ వద్దనుకున్న చాలామంది ముందుగా చేసే పని బ్యాంకులో ఆటో పే ఆపేయడం. దాంతో కనెక్షన్ రద్దవదు. ఒప్పందం అలాగే నడుస్తుంది, నెలనెలా బిల్లు పడుతుంది. కట్టకపోతే అది బకాయి అవుతుంది, దాని మీద ఆలస్య రుసుము, తర్వాత వసూలు ఏజెన్సీ ఫోన్లు. రద్దు కావాలంటే కంపెనీకి ఆ మాట చెప్పాలి, చెప్పినట్టు మీ చేతిలో ఆధారం ఉండాలి. ఆటో పే సంగతి చివరి బిల్లు తీరాక చూసుకోవచ్చు.

ముందు ఒప్పందం తీసి చూడండి

అందులో రెండు గడువులు ఉంటాయి. చాలామంది ఆ రెండింటినీ ఒకటే అనుకుంటారు. మొదటిది కనీస కాలం, అంటే లాక్-ఇన్. సాధారణంగా 12 నెలలో, 18 నెలలో, 24 నెలలో ఉంటుంది. ఆలోపు మానేస్తే ముందస్తు రద్దు రుసుము పడుతుంది. రెండోది నోటీసు గడువు. మానేస్తున్నామని చెప్పిన రోజుకీ సర్వీసు ఆగే రోజుకీ మధ్య నడవాల్సిన కాలం అది. చాలా ఒప్పందాల్లో 30 రోజులు ఉంటుంది. లాక్-ఇన్ ముగిసిపోయినా నోటీసు ఇవ్వాల్సిందే.

లాక్-ఇన్ ఎప్పుడు మొదలైందో జాగ్రత్తగా చూడండి. మీరు దరఖాస్తు పెట్టిన రోజు కాకుండా, లైన్ పనిచేయడం మొదలైన రోజు నుంచి లెక్కపెట్టే కంపెనీలు ఉన్నాయి. మధ్యలో ప్లాన్ మార్చుకున్నా, తగ్గింపు ధర ఒప్పుకున్నా, కొత్త రౌటర్ తీసుకున్నా లాక్-ఇన్ మళ్లీ మొదటి నుంచి మొదలై ఉండొచ్చు. ఖాతా పేజీలో 'ఒప్పందం ముగిసే తేదీ' కనిపిస్తే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

రోజులు ఎలా లెక్కపెట్టాలి

డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. ఉదాహరణకు మీ కనెక్షన్ మార్చి 12న మొదలైంది, లాక్-ఇన్ 12 నెలలు, నోటీసు 30 రోజులు అనుకుందాం. లాక్-ఇన్ వచ్చే ఏడాది మార్చి 11తో ముగుస్తుంది. నోటీసు అందిన మర్నాటిని మొదటి రోజుగా తీసుకుంటే, మామూలు సంవత్సరంలో ఫిబ్రవరి 9న ఇచ్చిన నోటీసు సరిగ్గా మార్చి 11కి పూర్తవుతుంది. అదే నోటీసు ఫిబ్రవరి 20న ఇచ్చారనుకోండి, మార్చి 22 దాకా నడుస్తుంది. ఆ 11 రోజులకూ మీరే కట్టాలి.

కొన్ని కంపెనీలు నోటీసు పూర్తయినా బిల్లు నెల చివరి దాకా సర్వీసు నడుపుతాయి. బిల్లు ఒకటో తారీఖున మొదలవుతుంటే పై లెక్కలో మార్చి 22 కాస్తా మార్చి 31 అవుతుంది. నోటీసు ఎప్పటి నుంచి లెక్కలోకి వస్తుంది, మీరు పంపిన రోజు నుంచా, వాళ్లకు అందిన రోజు నుంచా? నెల మధ్యలో ఆపితే మిగతా రోజుల డబ్బు వెనక్కి వస్తుందా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అలా చేస్తే తర్వాత వాదన పెట్టుకునే అవసరం రాదు.

లాక్-ఇన్ ముగియకముందే నోటీసు ఇవ్వడం తప్పేమీ కాదు. గడువు చివరి రోజు కోసం ఆగితే ఇంకో నెల బిల్లు మీద పడుతుంది.

దరఖాస్తులో ఏం రాయాలి

ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లే పెట్టాలి. ఇంట్లో మరొకరు పెడితే చాలాసార్లు తిరస్కరిస్తారు. ఖాతాదారు చనిపోయి ఉంటే మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి వారసులు రాయాలి. ఇలాంటప్పుడు ముందస్తు రద్దు రుసుము తీసేయమని అడగండి, చాలా కంపెనీలు వదిలేస్తాయి.

ఒప్పందంలో చెప్పిన దారిలోనే పంపండి: వెబ్‌సైట్ ఫారం, యాప్, ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్ట్, ఏది రాసి ఉంటే అది. ఫోన్ చేసే చెప్పాలని ఉంటే ఫోన్ చేయండి, వెంటనే అదే విషయం ఈమెయిల్‌లోనూ పెట్టండి. రాతకు ఈ మాత్రం చాలు:

'నా పేరున ఉన్న బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ (ఖాతా నంబరు …, చిరునామా …) రద్దు చేయవలసిందిగా కోరుతున్నాను. దీన్ని ఒప్పందం ప్రకారం నోటీసుగా స్వీకరించండి. సర్వీసు ఆగే తేదీ, చివరి బిల్లు మొత్తం, రౌటర్ అప్పగించే పద్ధతి, డిపాజిట్ తిరిగి ఇచ్చే తేదీ రాతపూర్వకంగా తెలియజేయగలరు.'

కారణం రాయకపోయినా ఫర్వాలేదు. ఫోన్‌లో మాత్రం కారణం అడుగుతారు, ఆ వెంటనే తగ్గింపు ధర చూపిస్తారు. అది నిజంగా మీకు పనికొస్తే తీసుకోండి. కానీ 'సరే' అన్న ఒక్క మాటతో కొత్త లాక్-ఇన్ మొదలవుతుందేమో ముందే అడగండి. వద్దంటే 'రద్దు నమోదు చేసి రిఫరెన్స్ నంబరు ఇవ్వండి' అని స్పష్టంగా చెప్పండి. నంబరు చేతికి రానిదే ఫోన్ పెట్టొద్దు.

రుసుము లేకుండా బయటపడే సందర్భాలు

ఇవి దేశాన్ని బట్టి మారతాయి. ఐరోపా సమాఖ్య 2018 ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్ల కోడ్ ప్రకారం వినియోగదారుణ్ణి 24 నెలలకు మించి కట్టిపడేయకూడదు. ఒప్పందం దానంతటదే పొడిగింపులోకి వెళితే, నెలకు మించని నోటీసుతో ఎప్పుడైనా బయటికి రావచ్చు. కంపెనీ తనంతట తాను షరతులు మార్చితే కొన్ని మినహాయింపులు పోను రుసుము లేకుండా రద్దు చేసుకునే హక్కూ ఉంది. బ్రిటన్‌లో ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో తీసుకున్న కనెక్షన్‌ను 14 రోజుల్లోపు వద్దనుకోవచ్చు. మీరు కోరితే ఈలోగా మొదలుపెట్టిన సర్వీసుకు వాడుకున్న మేరకు మాత్రం కట్టాలి. ఇల్లు మారుతుంటే రద్దు బదులు కనెక్షన్ కొత్త ఇంటికి మార్చమని అడగండి. అక్కడ వాళ్ల లైన్ లేకపోతే ఆ సంగతి రాతపూర్వకంగా తీసుకోండి, రుసుము మాఫీ అడగడానికి అదే పట్టు.

కంపెనీ మారేవాళ్లకు

కొత్త లైన్ పనిచేయడం మొదలయ్యే దాకా పాతది తెంచుకోకండి. బ్రిటన్‌లో 2024 సెప్టెంబరు 12 నుంచి కొత్త కంపెనీయే పాతదాన్ని రద్దు చేయిస్తోంది. అలాంటి పద్ధతి ఉన్న చోట మీరు విడిగా నోటీసు ఇవ్వనక్కర్లేదు. ల్యాండ్‌లైన్ నంబరు ఉంచుకోవాలంటే ముందు నంబరు బదిలీ కావాలి. రద్దు ముందు జరిగితే నంబరు పోయే ప్రమాదం ఉంది. కంపెనీ ఇచ్చిన ఈమెయిల్ చిరునామా వాడుతుంటే బ్యాంకు ఖాతాల్లో దాన్ని ముందే మార్చుకోండి.

సామాను అప్పగింత, చివరి బిల్లు

రౌటర్, ఫైబర్ పెట్టె, వాటి అడాప్టర్లు, కేబుళ్లు అన్నీ కలిపి ఇవ్వాలి. అడాప్టర్ లేదని కూడా డబ్బు కోస్తారు. సీరియల్ నంబరు కనిపించేలా ఫోటో తీయండి, అప్పగించాక రసీదు తీసుకోండి. కొరియర్‌లో పంపితే ట్రాకింగ్ నంబరు దాచుకోండి. చివరి బిల్లులో సర్వీసు ఆగిన తేదీ తర్వాతి రోజులకు ఏమైనా వేశారా చూడండి.

తేడా వస్తే రిఫరెన్స్ నంబరు, నోటీసు నకలు, రసీదు జతచేసి ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. వాళ్లు పరిష్కరించకపోతే పై మెట్టుకు వెళ్లాలి. భారత్‌లో అది కంపెనీలోనే ఉండే అప్పిలేట్ అథారిటీ. ఇతర దేశాల్లో టెలికాం వివాదాల పరిష్కార సంస్థో నియంత్రణ సంస్థో ఉంటుంది. డిపాజిట్ ఖాతాలో పడి, బకాయి సున్నా అని కంపెనీ రాసి ఇచ్చేదాకా ఆ కాగితాలు పారేయకండి.