వరదలకు ముందే హెలిప్యాడ్: సిరోంచ వైపు ఊళ్లలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి ఒకేసారి పొంగితే మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో వాగులు వెనక్కి తన్ని రోడ్లు మునుగుతాయి. 2022 జులై వరద చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు వైమానిక దళం హెలికాప్టర్ వస్తే కింద పనిచేసేది పోలీస్ పాటిల్ (ఊళ్లో పోలీసులకు సాయపడే గ్రామాధికారి), కొత్వాల్ (రెవెన్యూ గ్రామ సేవకుడు), ఆశా కార్యకర్త, ఊరి కుర్రాళ్లే. వానలు ముదరకముందే వీళ్లు తెలుసుకోవాల్సినవి ఇవి.

ముందు స్థలం. ఎంఐ-17 అనే పెద్ద హెలికాప్టర్‌కు పైన తిరిగే పెద్ద రెక్కల వ్యాసం 21 మీటర్ల పైచిలుకు, తోకతో కలిపి పొడవు 25 మీటర్లు, నిండుగా ఉంటే బరువు 13 టన్నుల దాకా. దానికంటే చిన్నదైన ధ్రువ్ హెలికాప్టర్ రెక్కల వ్యాసం 13 మీటర్లు. ఏది వస్తుందో ముందు తెలియదు కాబట్టి పెద్దదాని లెక్కనే 50 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పున చదునైన నేల చూడండి. అందరి కన్నూ స్కూల్ గ్రౌండ్ మీదే పడుతుంది గానీ దాని పక్కన కరెంటు తీగలు, జెండా కర్ర ఉంటాయి. పైనుంచి స్తంభం కనిపిస్తుంది, తీగ కనిపించదు. తీగలు ఎటు పోతున్నాయో తహసీల్దార్ ఆఫీసుకు ముందే చెప్పండి. నది ఒడ్డు నల్లరేగడి మూడు రోజుల వానకే చక్రాలను మింగేస్తుంది. నిండు లోడు ట్రాక్టర్ నడిపి చూసి, దిగబడితే ఆ చోటు వదిలి మొరం నేల వెతకండి.

హెచ్ గుర్తును తడి సున్నంతో వేయండి. పొడి సున్నం చల్లితే దిగేటప్పుడు లేచి పైలట్‌కు నేల కనిపించకుండా చేస్తుంది. బట్ట అసలే వద్దు, అది రెక్కల్లోకి పోతుంది. నేల పొడిగా ఉంటే ట్యాంకరుతో నీళ్లు చల్లించండి. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి ఓ పక్కగా వెదురుకు చీర పీలిక గట్టిగా కట్టండి. మంత్రిగారి కోసం తోరణాలు, కార్పెట్లు పరిచే అలవాటు మాత్రం ఇక్కడ ప్రమాదమే.

టన్నుల బరువును మోయాలంటే రెక్కలు గాలిని అంత బలంగా కిందికి నెట్టాలి. ఆ విసురుకు ఇంటి రేకులు, పెంకులు, టార్పాలిన్ పట్టాలు, ఖాళీ బస్తాలు ఎగురుతాయి. చుట్టూ 100 మీటర్లలో ఉన్నవాటిని తీసేయండి, లేదా బరువు పెట్టండి. జనం, పశువులు ఆ గీత అవతలే ఉండాలి. ప్యాడ్ దగ్గర పనిచేసేవాళ్లు కండువా, టోపీ తీసేసి, పైట బిగించి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. చెవుల్లో దూది పెట్టుకున్నా మేలే.

అసలు ప్రాణాలు పోయేది తోక దగ్గర. తిరిగే తోక రెక్క కంటికి ఆనదు. చేతక్ లాంటి చిన్న హెలికాప్టర్లలో అది మనిషి తల ఎత్తులోనే ఉంటుంది. అందుకే వెనకనుంచి ఎవరూ పోకూడదు. ఎంఐ-17లో వెనక ద్వారం ఉన్నా, సిబ్బంది చేయి పట్టి తీసుకెళ్తే తప్ప అటు పోవద్దు. పైలట్‌కు కనిపించేలా ముందునుంచో, ముందు పక్కనుంచో, వాళ్లు సైగ చేశాకే వంగి నడవండి. ఇంజిన్ ఆపుతున్నప్పుడు వేగం తగ్గేకొద్దీ పెద్ద రెక్కలు కిందికి వాలతాయి, గాలి తెరకు ఇంకా దిగుతాయి. ఆగిపోతోంది కదా అని పరుగెత్తేవాళ్లకు అదే చేటు. నేల వాలుగా ఉంటే పల్లం వైపునుంచే వెళ్లి, పల్లం వైపే రండి. మెరక వైపు రెక్కకూ తలకూ మధ్య ఎడం తగ్గిపోతుంది.

గర్భిణిని, పాము కాటు పడ్డవాళ్లను నులక మంచం మీద మోసుకొస్తారు. మంచం లోపల పట్టదు. ప్యాడ్ బయటే స్ట్రెచర్ మీదికి మార్చి, పట్టీలు బిగించి, దుప్పటి అంచులు కిందికి దోపండి. సెలైన్ సీసా పైకెత్తి పట్టుకోకుండా రోగి పక్కనే పడుకోబెట్టండి. కర్ర, గొడుగు లాంటి పొడుగు వస్తువులు నడుము ఎత్తులో అడ్డంగా పట్టుకోవాలి. ఒక బంధువును ముందే ఎంచండి, పదిమంది తోసుకుంటే సిబ్బంది ఎవరినీ ఎక్కించుకోరు.

ఇంటి కప్పు మీదనుంచి తాడుతో లాగాల్సి వస్తే కొక్కేన్ని గాల్లో ఉండగా అందుకోకండి. రెక్కలు తిరగడంతో దానికి స్థిర విద్యుత్తు పట్టి షాక్ కొడుతుంది. నేలనో నీళ్లనో తాకనివ్వండి. తాడును చెట్టుకో పడవకో కట్టకూడదు. పట్టీ చంకల కింద బిగిశాక చేతులు కిందికే ఉంచండి, పైకెత్తితే జారిపోతారు.

ఆహారం మూటలు వేసేటప్పుడు కింద నిలబడొద్దు, హెలికాప్టర్ వెళ్లిపోయాకే ఏరుకోండి. రాత్రి వస్తే టార్చి, మొబైల్ ఫ్లాష్ దానివైపు కొట్టొద్దు. జీపు లైట్లను డిమ్‌లో ఉంచి, వెలుగు నేల మీదే పడేలా తిప్పండి.