బత్తాయి తొక్క వోడ్కాల నానబెట్టుడు ఎట్ల, ఇంకా వేటితోని చేస్కోవచ్చు

నల్గొండ జిల్లాల బత్తాయికి కొదవ లేదు, ఆగస్టు సెప్టెంబర్ వచ్చిందంటే రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్ముతరు, జ్యూస్ బండ్ల కాడ తొక్కలు సంచులకు సంచులు పారేస్తరు. అది చూసినప్పుడల్లా నాకు పాణం ఉసూరుమంటది, ఎందుకంటే బత్తాయి వాసనంతా ఆ తొక్కలనే ఉంటది. కావాల్నంటే ఒక ముక్క తీస్కొని వెలుతురు దిక్కు పెట్టి రెండు వేళ్లతోని వంచి ఒత్తుండ్రి, సన్నగా తుంపర ఎగురుతది, అదే నూనె. అది నీళ్లల్ల సరిగ్గ కరగదు, మందుల మంచిగ కరుగుతది. ఇటలీల సొరెంటో దిక్కు నిమ్మతొక్కతోని లిమొన్‌చెల్లో అనే తియ్యటి మందు చేస్తరు కదా, అదీ ఇదే పద్ధతి, మన దగ్గర కాయ ఇంత మంచిగ దొరుకుతుంటే మనం చేస్కోకపోవడం ఏంది అనిపిస్తది.

ముందుగాల ఒకటి ఖరాఖండిగ చెప్తున్న. ఇది సార కాసుడు కాదు. ఇంట్ల బట్టీ పెట్టి కాస్తే నేరం, ఆ దిక్కు పోవద్దు. మనం చేసేది వైన్స్‌ల సీల్ ఉన్న సీసా కొని అందుల తొక్కనో వేరునో నానబెట్టుడు, గంతే. గుడుంబా, సర్జికల్ స్పిరిట్, శానిటైజర్, రంగులల్ల కలిపే స్పిరిట్ ఇసొంటివి ఎంత వడగట్టినా తాగేటియి కావు, అందుల మిథనాల్ ఉంటే కండ్లు పోతయ్, పాణమే పోతది. చేసింది అమ్మొద్దు కూడా, దానికి లైసెన్స్ లేకుంటే కేసు అయితది. మన రాష్ట్రంల 21 ఏండ్లు నిండినోళ్లకే మందు అన్న సంగతి యాదుంచుకోండ్రి.

సీసా ఏది కొనాలె అంటే మామూలు వోడ్కా ఒక ఫుల్, అంటే 750 ఎమ్మెల్. మస్తు ఖరీదుది అక్కర్లేదు, కానీ ముందే నిమ్మనో ఆరెంజో ఫ్లేవర్ కలిపింది తేవద్దు. లేబుల్ మీద 42.8 శాతం అని ఉంటది చూడుండ్రి, అంత ఉంటేనే నూనె బాగ దిగుతది, తొక్క కూడా బూజు పట్టదు. బీరులనో వైన్‌లనో నానబెడితే ఈ పని కాదు.

ఇగ తొక్క. ఇక్కడ టైం పెట్టాలె, మిగతాదంతా అలకటి పనే. ఒక ఫుల్‌కు ఆరేడు కాయలు తీస్కోండ్రి, తోట కాడ తెంపిన కాయ అయితే ఇంకా మంచిది, పైన మైనం పూత ఉండదు. గోరువెచ్చటి నీళ్లల్ల వేసి బ్రష్‌తోని రుద్ది కడిగి, పొడిబట్టతోని తుడిచి, కొంచెంసేపు ఆరనియ్యండ్రి. తర్వాత కూరగాయల పీలర్‌తోని పైపైన పచ్చటి పొర ఒక్కటే గీయాలె. కింద తెల్లగా మెత్తగా ఉంటది చూడు, అదే చేదు. పీలర్ గట్టిగ అదిమితే తెల్లది వచ్చేస్తది, వస్తే తొక్కను చెక్క మీద బోర్లా పరిచి కత్తిని అడ్డంగ పెట్టి ఆ తెల్లదాన్ని గీకెయ్యాలె, తొక్క అద్దంలెక్క పలచగా అయ్యేదాకా, అవతలి దిక్కు వేలు కనబడేదాకా. బద్ధకమైతది కానీ ఇది చెయ్యకుంటే తర్వాత ఎంత చక్కెర పోసినా ఆ చేదు గొంతుల నిలబడుతది. జ్యూస్ బండి కాడి తొక్కలు అడిగితే ఊకెనే ఇస్తరు గానీ అవి తెల్లదానితోని సహా కోసినవి, కడగనివి, వద్దు.

గాజు సీసా తీస్కోవాలె, ప్లాస్టిక్ డబ్బా వద్దు, పచ్చడి తొక్కు పెట్టిన జాడీ అసలే వద్దు, ఎంత కడిగినా వెల్లుల్లి వాసన పోదు. తొక్కలేసి వోడ్కా పోసి, తొక్కలన్నీ మునిగేటట్టు చూసుకొని, మూత గట్టిగ పెట్టి ఎండ తగలని అల్మారాల పెట్టుండ్రి. రోజుకొకసారి ఊపుడే. రెండో రోజుకే లేత పసుపుపచ్చ దిగుతది, తొక్క రంగు పోయి పాలిపోతది. వారం నుంచి పది రోజులు చాలు. నాలుగో రోజు నుంచి చెంచాతోని కొంచెం తీసి నాలిక మీద పెట్టి చూస్తుండాలె, వాసన నిండుగ ఉండి చేదు ఇంకా మొదలుకాలేదు అన్నప్పుడే తియ్యాలె. క్యాలెండర్ కంటే నాలికను నమ్ముండ్రి.

వడగట్టేటప్పుడు తొక్కలను పిండొద్దు. ముందు జాలి, తర్వాత పలచటి బట్టనో కాఫీ ఫిల్టర్ పేపరో. 700 ఎమ్మెల్ దాకా వస్తది. ఇప్పుడు పాకం: 250 గ్రాముల చక్కెర, 200 ఎమ్మెల్ నీళ్లు, చక్కెర కరిగేదాకనే వేడి చేయాలె, తీగపాకం అక్కర్లేదు. ఇది 350 ఎమ్మెల్ అటుఇటు అయితది. నీళ్ల గురించి మాత్రం పట్టించుకోవాలె, మన దిక్కు చానా ఊర్లల్ల బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటది, కాగబెడితే పోదు సరికదా నీళ్లు ఆవిరై ఇంకింత చిక్కనైతది, అందుకే ఆర్వో ఫిల్టర్ నీళ్లే వాడుండ్రి. పాకం పూర్తిగ చల్లారినంకనే కలపాలె. అంతా కలిపితే సుమారు 28 శాతం మందు ఉంటది. కలిపినప్పుడు మబ్బుగా అయితే చెడిపోయిందని పారబొయ్యకుండ్రి, మందు పలచబడి నూనె చిన్న చిన్న చుక్కలుగా బయటికి వచ్చింది, తాగనీకి ఏం కాదు. రెండు వారాలు అట్లనే పక్కన పెడితే ఘాటు తగ్గి రుచి కుదురుకుంటది.

నకిరేకల్ నిమ్మకాయతోని కూడా ఇట్లనే, కాకుంటే తొక్క పలచగా ఉంటది కాబట్టి చెయ్యి ఇంకా తేలిగ్గ ఉండాలె, కాయలు పన్నెండు దాకా పడతయ్, చక్కెర కొంచెం ఎక్కువ.

మసాలాలకు వోడ్కా కంటే రమ్ నాకు ఇష్టం. ఒక హాఫ్ రమ్‌ల పలచగా కోసిన అల్లం 50 గ్రాములు, చిన్న దాల్చినచెక్క ముక్క, నలిపిన యాలకలు నాలుగు వేసి మూడు రోజులు ఉంచితే చలికాలంల వేడినీళ్లల్ల కలుపుకొని తాగనీకి మస్తుంటది. లవంగం మాత్రం మూడు గింజలకు మించొద్దు, ఒక్కరోజుకే తీసెయ్యాలె, లేకుంటే నాలిక మొద్దుబారుతది, ఇంకేం రుచి తెలవదు. పచ్చిమిర్చి అయితే ఒకటి చీరి వేసి రెండు మూడు గంటలకే చూడుండ్రి, రాత్రంతా ఉంచితే నోట్ల పెట్టుకోరాదు. అన్నీ ఒకేసారి వేసి ఒకేసారి తీస్తా అంటే కుదరదు, లవంగం ముందు తియ్యాలె, అల్లం తర్వాత.

నల్లమల దిక్కు నుంచి వచ్చే సుగంధి వేర్లు దొరికితే అసలు వదలొద్దు. మట్టి పోయేదాకా కడిగి, ఆరబెట్టి, దంచి, లోపలి గట్టి పుల్ల తీసేసి పైబెరడు పిడికెడు వైట్ రమ్‌ల వేస్తే నాలుగైదు రోజులల్ల మంచి ఎరుపురంగు, షర్బత్ వాసన వస్తది. తెలిసిన దుకాణంల, తెలిసిన వేరే కొనాలె, అడివిల కనబడ్డ చెట్టల్లా పీకి నానబెట్టొద్దు, విషం కూడా మందుల అంతే బాగ దిగుతది.

మనకు సీతాఫలం మస్తు పండుతది కదా అని అడుగుతరు. నేనైతే వద్దనే అంట. గుజ్జు జిగటగా అయి వడగట్టనీకి రాదు, రంగు నల్లబడుతది, పైగా గింజ విషం, అది నలిగితే ప్రమాదం. కొల్లాపూర్ మామిడి పచ్చికాయ ముక్కలు వేసుకోండ్రి, మూడు రోజులు చాలు. నీళ్లు ఎక్కువున్న పండు ఏదైనా సీసాల మూడో వంతు దాటనియ్యొద్దు, రసం దిగి మందు పలచబడితే చెడిపోతది, అసొంటియి ఫ్రిజ్‌లనే పెట్టుండ్రి.

సీసా మీద పేరు, తారీఖు, మందు అని పెద్దగ రాయాలె. చూడనీకి అచ్చం బత్తాయి రసం లెక్కనే ఉంటది, పిల్లలు ఫ్రిజ్ తెరిచి గలాసల పోసుకుంటరు, అందుకే తాళం ఉన్నకాడ పెట్టుకోండ్రి. తియ్యగా ఉంది కదా అని పెద్ద గలాసలు నింపొద్దు, చల్లగ చేసి 30 ఎమ్మెల్ చాలు, లేకుంటే సోడా పోసుకోండ్రి, తాగి బండి తీయొద్దు. తొక్కది చల్లగా చీకట్ల ఉంటే ఆరు నెలలు మంచిగుంటది, పండ్లదైతే ఒక నెల లోపల ఖతం చేయాలె. వడగట్టినంక మిగిలిన తొక్కలల్ల ఇంకా మందు ఉంటది, మేకలకు బర్లకు వేయకుండ్రి, గుంత తీసి పూడ్చెయ్యండ్రి.