‘బాగుందమ్మా’ అంటే కొంటానని కాదు: కస్టమర్ దగ్గర అసలు మాట రాబట్టడం ఎలా

నా దగ్గర ఒక పాత నోటు పుస్తకం ఉంది. మొదటి పేజీల్లో 31 మంది చీనీ (బత్తాయి) రైతుల మాటలు రాసుకున్నాను. గార్లదిన్నె, నార్పల, పుట్లూరు మండలాల్లో తోటలు తిరిగి, నేలలో తడిని కొలిచి ఫోనుకు మెసేజ్ పంపే పరికరం చూపించి, ఎలా ఉందని అడిగితే వచ్చిన జవాబులవి. 27 మంది పక్కన ‘బాగుందన్నారు’ అని ఉంది. ఆ 27 చూసుకునే బెంగళూరులో ఉద్యోగం మానేశాను. అనంతపురం కమలానగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని 40 పరికరాలు చేయించాను. ఆరు నెలల్లో మూడు అమ్ముడుపోయాయి. ఒకటి మా మేనమామ తీసుకున్నది, దాన్ని లెక్కలో వేయకూడదు.

ఆ రైతులు నాకు అబద్ధం చెప్పారని ఒక్క రోజు కూడా అనుకోలేదు. ఎండలో తోట దాకా నడిచి వచ్చిన ఆడపిల్లకు చెంబుతో నీళ్లిచ్చి, పోయేటప్పుడు నాలుగు కాయలు సంచిలో వేసి పంపేవాళ్లు వాళ్లు. అలాంటివాళ్లు ముఖం మీద ‘ఇది నాకు పనికిరాదు’ అనలేరు. నేను అడిగిన ప్రశ్న అలాంటిది. ‘ఎలా ఉంది?’ అని అడిగితే మర్యాద తెలిసిన మనిషి ఇంకేం చెబుతాడు?

మన దిక్కున ఏదో ఒకటి కొత్తగా మొదలుపెట్టి, అది ఎందుకు అమ్ముడుపోవడం లేదో తెలియక రాత్రిళ్లు నిద్ర పట్టని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీది తోటలకు సంబంధించింది కాకపోవచ్చు. అడిగే పద్ధతి మాత్రం కిరాణా అంగడికైనా, టైలర్ షాపుకైనా పనికొస్తుంది.

‘లేదు’ అనే మాట ఎలా వస్తుంది

ముందు వినడం నేర్చుకోవాలి. ‘చూద్దాంలేమ్మా’ అంటే వద్దని అర్థం. ‘ఈ కాపు పోనీ, ఆలోచిద్దాం’ అన్నా అంతే. ఈ రెండూ విన్నప్పుడు పుస్తకంలో వద్దన్నారనే రాసుకోండి. ‘ఆలోచిస్తామన్నారు’ అని రాసుకుంటే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు.

‘మా అబ్బోడు హైదరాబాదు నుంచి వచ్చినాక అడిగి చెప్తా’ అనే మాట ఒక్కోసారి నిజమే అవుతుంది. చాలా ఇళ్లలో ఫోనుకు, మిషన్లకు సంబంధించిన నిర్ణయం కొడుకుదే. ‘అయితే ఇప్పుడే ఒకసారి ఫోను కలపండి, నేను మాట్లాడతా’ అనండి. కలిపితే నిజం. ‘ఇప్పుడు పనిలో ఉంటాడులే’ అంటే మీకు జవాబు వచ్చేసింది.

‘సబ్సిడీ వస్తాదా?’ అని అడిగితే మొదట్లో నాకు కోపం వచ్చేది. ఇప్పుడు రాదు. 2003లో మన రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం పథకం మొదలైనప్పటి నుంచి డ్రిప్పు సామాను ప్రభుత్వ సబ్సిడీతోనే తోటలోకి వస్తోంది. ఆ అలవాటు మీద అడుగుతున్నాడు. ‘నువ్వు చెప్పే ధరకు తగ్గ లాభం నాకు కనబడలేదు’ అన్నది ఆ ప్రశ్న వెనుక ఉన్న మాట. అది వద్దనడం కంటే మేలు, ఎందుకంటే అక్కడ లెక్క మొదలైంది.

మీరు ధర చెప్పకముందే ‘ఎంతవుతాది?’ అని అడిగిన మనిషిని మాత్రం వదలకండి. మొదటి 31 మందిలో అలా అడిగినవాళ్లు ఇద్దరే. అప్పుడు నేను అది గమనించనే లేదు.

వస్తువు సంచిలోనే ఉంచండి

రెండోసారి తిరిగినప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. మొదటి అరగంట పరికరం బయటికి తీయకూడదు, దాని పేరు ఎత్తకూడదు. రాబోయే రోజుల గురించి ఏమీ అడగకూడదు. ‘ఇలాంటిది ఉంటే వాడతారా?’ అన్న ప్రశ్న పూర్తిగా మానేశాను. జరిగిపోయినదాని గురించే అడగాలి.

గార్లదిన్నె దగ్గర ఒక పెద్దాయనకు మూడెకరాల తోట ఉంది, మూడు వందలకు పైగా చెట్లు. మొదటిసారి ఆయన కూడా ‘బాగుంది పాపా’ అన్నవాడే. ఈసారి ఇలా అడిగాను: ‘పెద్దనాయనా, పోయిన రెండు నెలల్లో నీళ్ల విషయంలో మీకు బాగా ఇబ్బంది అయిన రోజు ఏది? ఆ రోజు ఏం జరిగింది?’

ఆయన కాసేపు మాట్లాడలేదు. నాకు ఏదో ఒకటి చెప్పాలనిపించింది, ఆపుకున్నాను. తర్వాత ఆయన చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాను.

‘నేల తడి నాకు తెలీదా పాపా? కాలితో తొక్కితే తెలుస్తాది. త్రీఫేజు ఎప్పుడొస్తే అప్పుడు మోటరు ఏస్తాం, ఉన్నంతసేపు పారిస్తాం. తడి చాలని నీ మిషను చెప్పినా, కరెంటు ఉండగా మోటరు ఆపుతానా? రేపు కరెంటు ఎట్లుంటాదో, బోరులో నీళ్లు ఎట్లుంటాయో ఎవునికి తెల్సు?’

నేను రెండేళ్లు కష్టపడి చేసినదాన్ని ఆ నాలుగు మాటలు పక్కన పెట్టేశాయి. నా పరికరం చెప్పే సంగతి సరైనదే. కానీ ఆ సంగతి తెలిసినా ఆయన చేసే పని మారదు. మారనప్పుడు దానికి డబ్బు ఎందుకు పెడతాడు?

అక్కడే లేచి వచ్చేసి ఉంటే సగమే తెలిసేది. ‘మరి నీళ్లతో ఇబ్బందే లేదా?’ అని అడిగాను. ‘ఎందుకు లేదు, రా’ అని ఏడో వరస దగ్గరికి తీసుకుపోయాడు. బోరు నీళ్లలోని ఉప్పు, సన్న మట్టి చేరి డ్రిప్పు లైను చివరి భాగం మూసుకుపోయింది. చివరి పది చెట్లకు నీళ్లు పోలేదు. ‘పదైదు దినాల దాకా నాకు తెలీలే. ఆకు ముడుచుకున్నాక తెల్సింది. అప్పటికే పిందె రాలిపోయె.’

అప్పుడేం చేశారని అడిగాను. లైను మూత విప్పి నీళ్లు వదిలారు, ఆసిడ్ పెట్టించారు, కూలికి మనుషుల్ని పిలిచారు. ఎంతైందని అడిగితే వేళ్ల మీద లెక్క చెప్పాడు. ఆ తర్వాత చెప్పిన మాట నాకు అన్నిటికంటే విలువైనది. అప్పటి నుంచి వారానికొకసారి ఒక మనిషికి కూలి ఇచ్చి వరసలన్నీ తిప్పి చూపిస్తున్నాడట. ఆ ఇబ్బంది మీద ఆయన ఇప్పటికే సొంత డబ్బు పెడుతున్నాడు. ఎవరైనా తన ఇబ్బంది తీర్చుకోవడానికి ఇప్పటికే ఏదో ఒక తిప్పలు పడుతుంటే, అది నిజమైన ఇబ్బంది అని నమ్మవచ్చు. ఇబ్బంది గురించి గంట సేపు చెప్పి, దాని కోసం ఏమీ చేయలేదంటే అంత పట్టింపు లేదన్నమాట.

కాబట్టి మీరు గుర్తుపెట్టుకోవలసిన ప్రశ్నలు కొన్నే: చివరిసారి ఎప్పుడు జరిగింది, అప్పుడు ఏం చేశారు, ఎంత ఖర్చయింది, ఎవరిని పిలిచారు. మిగతావి వాటంతట అవే వస్తాయి.

ఎవరితో పోవాలి, ఎక్కడ అడగాలి

ఊరి పెద్దను వెంటబెట్టుకుని పోకండి. నేను మొదటిసారి పోయింది అలాగే. ఆయన ముందు ఎవరూ వంక పెట్టరు. చుట్టాన్ని తీసుకుపోయినా అదే కథ. ఒక్కరే పోండి, లేదా రాసుకోవడానికి ఇంకొకరిని తోడు పెట్టుకోండి.

అనంతపురం మార్కెట్ యార్డులో చీనీ వేలం జరుగుతున్నప్పుడు ఎవరినీ కదిలించవద్దు. ఆ పూట రైతు మనసంతా టన్ను రేటు మీద, తూకంలో అదనంగా తీసుకునే సూట్ మీద ఉంటుంది. అంతా అయ్యాక, చెట్టు కింద టీ తాగుతున్నప్పుడు అడిగితే నిదానంగా మాట్లాడతారు. అన్నిటికంటే తోటలోనే మేలు. కూర్చుని చెప్పని సంగతులు నడుస్తూ చూపిస్తారు.

ఇంటి ఆడవాళ్లతో తప్పకుండా మాట్లాడండి. ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధే. కలుపు తీసేది వాళ్లు, ఏ వరస ఎండిందో ముందు కనబడేది వాళ్లకే. చాలా ఇళ్లలో డబ్బు బీరువా తాళం కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. నార్పల దగ్గర ఒక అక్క వరండాలో చెనిక్కాయలు ఒలుస్తూ నాతో అన్న మాట: ‘మెసేజు వస్తాది సరే. మా ఆయన ఫోను సూసేది రాత్రి పండుకునేటప్పుడు. అప్పుడు తెలిసి ఏం చేస్తాం?’ మగవాళ్లలో ఒక్కరు కూడా ఈ మాట నాకు చెప్పలేదు.

అడ్వాన్సు అడగండి

ఇది మనకు కష్టంగా ఉంటుంది. ఇంట్లో నీళ్లు తాగి డబ్బు అడగడానికి నోరు రాదు. అయినా అడగాలి. నేను రూ.500 అడిగాను. మూడు నెలల్లో వస్తువు ఇవ్వకపోతే తిరిగి ఇస్తానని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. రెండో విడత 18 మందిని అడిగితే ఐదుగురు ఇచ్చారు.

మిగతా 13 మంది నాకు ఇంకా పెద్ద మేలు చేశారు. డబ్బు మాట వచ్చేసరికి మర్యాద మాటలు పక్కకు పోయి అసలు కారణాలు బయటికి వచ్చాయి. తోటలో వైరు పెడితే ఉడతలు కొరికేస్తాయి. బోరు కాడ రాగి వైరే ఉంచడం లేదు దొంగలు, ఇది ఉంచుతారా? బ్యాటరీ అయిపోతే అనంతపురం ఎవరు తీసుకుపోతారు? ఒక్కొక్కటీ నా చేతిలో ఉన్న వస్తువును ఎలా మార్చాలో చెప్పింది.

కొని మూల పడేసినవాళ్లు

వీళ్ల దగ్గరికి ఫోన్ చేయకండి, స్వయంగా పోండి. నా మొదటి ముగ్గురు కస్టమర్లలో ఒకాయనకు ఫోన్ చేస్తే ‘బాగానే ఉందమ్మా’ అన్నాడు. పోయి చూస్తే పరికరం మోటరు కొట్టంలో మేకుకు వేలాడుతోంది. రెండు నెలల కిందటే ఆగిపోయిందట. నన్ను చూసి ఆయనే సిగ్గుపడ్డాడు. ‘తప్పు నాది, మీది కాదు. దీన్ని ఏ రోజు తీసి మేకుకు తగిలించారో ఆ రోజు సంగతి చెప్పండి’ అన్నాక గానీ మాట్లాడలేదు.

వాడుతున్నవాళ్లను అడగడానికి ఒక మంచి ప్రశ్న ఉంది. షాన్ ఎల్లిస్ అనే అమెరికన్ మార్కెటింగ్ నిపుణుడు ప్రచారంలోకి తెచ్చింది: ఇకమీదట ఇది మీకు దొరకదంటే ఎలా ఉంటుంది? కనీసం 40 శాతం మంది చాలా నిరాశ పడతామంటే వస్తువు నిలబడుతుందని ఆయన లెక్క. మన దగ్గర పదిమంది కస్టమర్లు ఉన్నప్పుడు శాతాలు చూడడం వృథా. ‘లేకపోతే మళ్లీ మనిషిని పెట్టుకోవాల్సిందే’ అన్నారా, ‘ఏముందిలే, సర్దుకుంటాం’ అన్నారా, అది వినండి.

పెట్టుబడిదారులు కాదన్నప్పుడు

బెంగళూరులో, హైదరాబాదులో కలిసి ఆరుగురిని అడిగాను, ఆరుగురూ కాదన్నారు. దాన్ని రైతు చెప్పిన ‘వద్దు’తో కలపకండి. పెట్టుబడి పెట్టేవాడు మార్కెట్ ఎంత పెద్దదో చూస్తాడు, తన డబ్బు ఎన్నింతలవుతుందో చూస్తాడు. మీ వస్తువు మంచిచెడ్డలు అతనికి తెలియకపోవచ్చు. 2008లో, ప్రయాణికులకు ఇళ్లు అద్దెకు కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీ కంపెనీ వాళ్లు లక్షా యాభై వేల డాలర్ల కోసం ఏడుగురిని అడిగితే ఐదుగురు కాదన్నారు, ఇద్దరు జవాబే ఇవ్వలేదు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్ల గుమ్మాల దాకా పోయి చూశాకే, సైటులో ఆ ఇళ్ల ఫోటోలు బాగాలేవని వాళ్లకు తెలిసింది.

మన తెలుగువాడు ఫణీంద్ర సామ కథ ఇంకా దగ్గరిది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఊరికి పోవడానికి బస్సు టికెట్ దొరకలేదు. ఆ ఇబ్బంది నుంచి 2006లో మిత్రులతో కలిసి రెడ్‌బస్ పెట్టాడు. మొదట బస్సు యజమానులకు సాఫ్ట్‌వేర్ ఇవ్వబోతే వాళ్లు తీసుకోలేదు. సీట్లు అమ్మిపెట్టే పనికి మారాకే అది నడిచింది.

కాదన్న ప్రతి పెట్టుబడిదారుణ్నీ నేను ఒక్కటే అడుగుతాను: ‘మీ నిర్ణయం మారాలంటే నేను ఏం చూపించాలి?’ స్పష్టంగా చెబితే రాసుకుంటాను. గాలి మాటలు చెబితే నమస్కారం పెట్టి వచ్చేస్తాను.

రాసుకోవడం, తట్టుకోవడం

వాళ్ల మాటలు వాళ్ల యాసలోనే రాసుకోండి. ‘యూజర్‌కు నోటిఫికేషన్ల మీద ఆసక్తి లేదు’ అని రాస్తే ఆ అక్క మాటలోని అసలు సంగతి పోతుంది. పక్కనే వాళ్లు ఏం చేశారో, ఎంత డబ్బు పెట్టారో వేరుగా రాయండి. నేను బస్సు ఎక్కకముందే, స్టాపులో కూర్చుని రాసేస్తాను. ఇంటికి వచ్చేలోపు మనసు తనకు నచ్చినట్టు మార్చేసుకుంటుంది. వారానికొకసారి ఆ పుస్తకం మా చెల్లెలికి ఇస్తాను. ఆ పరికరం మీద తనకు ఏ మమకారమూ లేదు కాబట్టి నేను దాటేసిన చోట వేలు పెడుతుంది.

పెద్దాయన తోట నుంచి వచ్చిన రోజు గార్లదిన్నె స్టాపులో కూర్చుని ఏడ్చాను. రెండు బస్సులు పోయాయి. మీకూ అలాంటి రోజు వస్తే ఆ రోజుకు ఇంకో తోటకు పోకండి. రోజుకు మూడు కంటే ఎక్కువ ఇళ్లు పెట్టుకోకండి, మూడో ఇంటి తర్వాత వినే ఓపిక ఉండదు. ఎవరైనా మీ వస్తువును విమర్శిస్తుంటే సమర్థించుకోవద్దు. ‘ఇంకొంచెం చెప్పండి’ అంటే చాలు. కాదన్నవాళ్ల దగ్గరికి, వాళ్ల మాట వల్ల ఏం మార్చారో తీసుకుని మళ్లీ పోండి. రెండోసారి వచ్చిన మనిషితో దాపరికం ఉండదు.

నేను ఇప్పుడు చేస్తున్న దానికి ఫోను లేదు, బ్యాటరీ లేదు, వైరు లేదు. డ్రిప్పు లైను చివర బిగించే చిన్న ప్లాస్టిక్ జెండా. నీళ్లు చివరిదాకా వత్తిడితో వస్తే జెండా లేస్తుంది, లేకపోతే పడి ఉంటుంది. గట్టు మీద నిలబడి చూస్తే ఏ వరస ఆగిందో తెలిసిపోతుంది. పోయిన వారం పెద్దాయన తోటలో పన్నెండు వరసలకు పెట్టాం. ఆయన గట్టెక్కి, చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి చెప్పాడు: ‘పాపా, ఎర్ర రంగు ఎండకు వెలిసిపోతాది. అదీగాక ఎర్ర నేలలో ఆనదు. ఇంకో రంగు సూడు.’ తెలుపు, పసుపు, నీలం మూడూ చేయించాను. సోమవారం పట్టుకుపోతున్నాను.