మెదడులో చిన్న ఎన్యూరిజం: రిపోర్టు చూసి ముప్పు అంచనా వేసుకోవడం ఎలా

కళ్లు తిరుగుతున్నాయని స్కాన్ తీయిస్తే "4 ఎంఎం ఎన్యూరిజం" అని బయటపడుతుంది. రక్తనాళం గోడ పలచబడి బుడగలా ఉబ్బడమే ఇది. పెద్దవాళ్లలో వందకు సుమారు ముగ్గురికి ఉంటుంది, చాలామందికి ఎన్నటికీ పగలదు. అందరూ సైజు చూసి ఆగిపోతారు. అది ఏ నాళం మీద ఉందో కూడా చూడండి.

పగిలే ముప్పు లెక్కకు ఫేజెస్ (PHASES) అనే పాయింట్ల స్కోరు వాడతారు. బీపీ ఉంటే 1 పాయింటు, వయసు 70 నిండితే 1, ఇదివరకు వేరే ఎన్యూరిజం పగిలి ఉంటే 1. సైజు 7 ఎంఎం లోపైతే 0, 7 నుంచి 9.9 వరకు 3, ఆపైన 6, 20 నుంచి 10. నాళాల్లో ఇంటర్నల్ కెరోటిడ్ మీదుంటే 0, మిడిల్ సెరిబ్రల్ అయితే 2, యాంటీరియర్ సెరిబ్రల్, పోస్టీరియర్ కమ్యూనికేటింగ్, మెదడు వెనక నాళాలైతే 4.

బీపీ ఉన్న 58 ఏళ్ల ఆవిడకు 4 ఎంఎం బుడగ కెరోటిడ్ మీదుంటే మొత్తం 1, అయిదేళ్లలో పగిలే అవకాశం 0.4 శాతం. అదే బుడగ పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ మీదుంటే మొత్తం 5, అవకాశం 1.3 శాతం. సైజు మారలేదు, ముప్పు మూడింతలైంది.

ఈ లెక్కలో పొగ తాగే అలవాటు లేదు, బుడగ ఆకారమూ లేదు. బుడగ మీద ఇంకో చిన్న బొడిపె ఉంటే ముప్పు పెరుగుతుంది. మన ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు కాల్చే అడ్డపొగ (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చడం) కూడా పొగే, డాక్టరుకు తప్పకుండా చెప్పండి, మానేయండి. బీపీ 140/90 లోపు ఉంచాలి. ఆవకాయ, ఎండుచేపలతో కలిపి రోజుకు ఉప్పు ఒక టీస్పూనుకు మించకూడదు.

మళ్లీ స్కాన్ సాధారణంగా 6 నుంచి 12 నెలలకు, తర్వాత ఏడాదికో రెండేళ్లకో. ఒకసారి సీటీ, ఇంకోసారి ఎమ్మారై తీయిస్తే యంత్రాల తేడానే పెరుగుదలలా కనిపించవచ్చు. అందుకే ఒకే రకం స్కాన్ తీయించండి, పాత సీడీ వెంట తీసుకెళ్లండి.

పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా తలనొప్పి, వాంతి, మెడ బిగుసుకుపోవడం, రెప్ప వాలి కంటిపాప పెద్దదవడం: వీటిలో ఏది కనిపించినా మాత్ర వేసుకుని పడుకోవద్దు. 108కి ఫోన్ చేసి విశాఖ కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ఆసుపత్రి) గానీ, న్యూరోసర్జన్ ఉన్న మరో ఆసుపత్రికి గానీ వెళ్లండి. నొప్పి మొదలైన 6 గంటల్లోపు తీసిన సీటీలో కారిన రక్తం దాదాపు తప్పక కనిపిస్తుంది. ఆలస్యమైతే వెన్ను నీరు తీసి చూడాల్సి రావచ్చు.