మీ ఊరి పుట్టుక, పొలిమేరలు వెతికి పట్టుకోవడం ఎలా?

ఊరు ఎప్పుడు పుట్టిందని అడిగితే పెద్దవాళ్లు "మా తాతల నాటి నుంచీ ఉంది" అనేస్తారు. మన చిత్తూరు వైపు ఊళ్ల గురించి కాగితాల్లో వెతకాలంటే ముందు ఒక సంగతి తేల్చుకోండి.

1. ఏ ఏడాదిలో మీ ఊరు ఏ జిల్లాది?
చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. సత్యవేడు వైపు ఊళ్లు 1960 దాకా చెంగల్పట్టు జిల్లావి. అదే ఏడాది మన తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. ఇదేమీ పట్టించుకోకుండా నేను 1900 నాటి కాగితాల కోసం "చిత్తూరు జిల్లా" అని రెండు నెలలు వెతికాను. దొరికితే కదా!

2. జమీందారీ ఊరా, రైత్వారీ ఊరా?
జమీందారీ ఊళ్లో పన్ను జమీందారు వసూలు చేసేవాడు, రైత్వారీ ఊళ్లో రైతే నేరుగా సర్కారుకు కట్టేవాడు. కార్వేటినగరం, పుంగనూరు, శ్రీకాళహస్తి జమీందారీల కింది ఊళ్లకు రైత్వారీ సెటిల్‌మెంట్ (సర్కారు భూమి పన్ను ఖరారు చేయడం) జరిగింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. అంతకుముందువి కావాలంటే జమీను లెక్కలు చూడాలి.

3. పేరును విడదీయండి
సముద్రం అని ఉంటే పెద్ద చెరువు కింద వెలసిన ఊరు. కండ్రిగ అంటే తక్కువ పన్నుకు ఇచ్చిన భూమి. పాళెం పాళెగాళ్ల దండు విడిది కావచ్చు. పేరు ఆధారమే గానీ రుజువు కాదు. ఊరి గుడి గోడ మీద శాసనం ఉంటే అది చాలా గట్టిది.

4. గ్రామ పటం పట్టుకుని నడవండి
మండల సర్వేయర్ దగ్గర గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (ఒక్కో సర్వే నంబరు పొలం కొలతలు గీసిన పుస్తకం) అడగండి. రెవెన్యూ గ్రామం, పంచాయతీ ఒకటి కావు. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు పంచాయతీలు ఉండొచ్చు, పొలిమేర మాత్రం పాతదే. మూడు ఊళ్లు కలిసేచోట ట్రైజంక్షన్ రాయి ఉంటుంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి. పశువులు మేపిన పెద్దాయన ఒకరిని వెంట తీసుకెళ్లండి. మాకు రాయి కంపచెట్ల కింద ఉందని చూపించింది అలాంటి తాతే, పటం కాదు.