ట్రైలర్ లాగే పికప్‌కి బ్రేకులు: ప్యాడ్లు, రోటర్లు కొనేముందు తెలుసుకోవాల్సినవి

డల్లాస్ బయట కాస్త పొలం కొన్నాక, ట్రాక్టర్‌ని అటూ ఇటూ తిప్పడానికి ముప్పావు టన్ను తరగతి డీజిల్ పికప్ తీసుకున్నాను (అది తరగతి పేరే, బండి బరువు కాదు). బండి బరువు ఏడున్నర వేల పౌండ్లు. ట్రాక్టర్ ఎక్కించిన ట్రైలర్ ఇంకో పదివేలు. రెండేళ్ళలో ముందు చక్రాలకి రెండు జతల ప్యాడ్లు, ఆ ప్యాడ్లు ఒత్తిపట్టే ఇనుప పళ్ళేలు (రోటర్లు) ఒక జత మార్చాల్సి వచ్చింది. రెండోసారి వెళ్ళినప్పుడు షాపువాళ్ళు ఇంకా ఖరీదైన ప్యాడ్లు వేశారు కానీ ట్రైలర్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇరుసు గొట్టం లోపల బ్రేకు వైరు ఒరుసుకుని తెగిపోయి, నాలుగు ట్రైలర్ చక్రాల్లో రెండే బ్రేకు పడుతున్నాయని ఆ తర్వాత నాకే తెలిసింది. ఆ రెండు చక్రాలు ఆపాల్సిన బరువంతా ఇన్నాళ్ళూ పికప్ ఆపుతూ వచ్చింది.

అందుకే "ఏ ప్యాడ్లు కొనమంటావు?" అని ఎవరైనా అడిగితే, ముందు మీ బండి ఏం చెబుతోందో చెప్పమంటాను.

ఏడాది తిరక్కుండా ప్యాడ్లు అయిపోతున్నాయి

నూటికి తొంభై మంది ప్యాడ్ల కంపెనీని తిట్టుకుంటారు. మీరు మాత్రం ట్రైలర్ దగ్గర మొదలుపెట్టండి.

ట్రైలర్‌కి ఉన్నవి ఎలక్ట్రిక్ డ్రమ్ బ్రేకులైతే, ఏడు పిన్నుల ప్లగ్గు నుంచి వచ్చే నీలం వైరుకి ఆంపుల మీటరు కలపండి. పికప్ లోపల ఒకరిని కూర్చోబెట్టి, ట్రైలర్ బ్రేకులకి కరెంటు పంపే కంట్రోలర్ మీటని పూర్తిగా నొక్కమనండి. సాధారణంగా ఒక్కో చక్రంలో బ్రేకు పట్టించే మాగ్నెట్ సుమారు 3 ఆంపులు లాగుతుంది. అంటే రెండు ఇరుసుల ట్రైలర్‌కి మీటరు 12 దగ్గర ఆగాలి. నాకు 6 చూపించింది. మీటరు మీద ఆ అంకె కనబడగానే రెండేళ్ళ ఖర్చు లెక్క తేలిపోయింది. మీకూ సగమే వస్తే వైరు తెగిందేమో, తెల్ల వైరు ఎర్తు తుప్పు పట్టిందేమో చూడండి.

కరెంటు సరిగ్గా వస్తున్నా బ్రేకు బలహీనంగా ఉంటే డ్రమ్ము విప్పాల్సిందే. బేరింగులో ఎక్కువగా కూరిన గ్రీజు సీలు దాటి బ్రేకు షూల మీదికి కారడం చాలా మామూలు. గ్రీజు పట్టిన షూలని తుడిచి మళ్ళీ వాడొద్దు, ఆ ఇరుసుకి రెండు వైపులా కొత్తవి వేయండి. తనంతట తాను సర్దుకునే రకం బ్రేకు కాకపోతే, వెనక ఉన్న పళ్ళ చక్రాన్ని టైరు బిగుసుకునేదాకా తిప్పి, కాస్త రాసుకుంటూ తిరిగేంత వరకు వదులు చేయాలి.

చివరగా గెయిన్, అంటే కంట్రోలర్ ట్రైలర్ బ్రేకుల్ని ఎంత గట్టిగా పట్టించాలో పెట్టుకునే అంకె. ఖాళీగా ఉన్న, చదునైన, పొడి రోడ్డు మీద 20-25 మైళ్ళ వేగంలో వెళుతూ, పెడల్ ముట్టుకోకుండా చేతి మీటతో ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేయండి. చక్రాలు జారబోయేదాకా గెయిన్ పెంచి, అక్కడినుంచి ఒక మెట్టు తగ్గించండి. లోడు మారిన ప్రతిసారీ ఇది మళ్ళీ చేయాలి. ఖాళీ ట్రైలర్‌కి పెట్టిన గెయిన్‌తోనే ట్రాక్టర్ ఎక్కించుకుని బయల్దేరేవాళ్ళని ఎంతమందిని చూశానో! టెక్సాస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌ని హైవే ఎక్కించాలంటే దానికి సొంత బ్రేకులు ఉండాలన్నది చట్టం. బ్రేకులు ఉంటే సరిపోదు, పనిచేయాలి.

బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది

దీనికి అందరూ చెప్పే మాట "రోటర్ వంగింది" అని. నిజానికి వంగడం చాలా అరుదు. రోటర్ మందం చుట్టూ ఒకేలా లేకపోవడమే అసలు కారణం. అంగుళంలో వెయ్యో వంతు తేడా ఉన్నా పాదానికి తెలుస్తుంది.

ఆ తేడా ఎలా పుడుతుందో తెలిస్తే పరిష్కారం తేలిక. పాత రోటర్ తీసినప్పుడు, రోటర్ కూర్చునే హబ్ ముఖం మీద తుప్పు పొర మిగిలిపోతుంది. దాని మీదే కొత్తది బిగిస్తే అది కాస్త ఏటవాలుగా కూర్చుంటుంది. బ్రేకు వేయనప్పుడు కూడా ఎత్తుగా ఉన్నచోట ప్రతి చుట్టుకీ ప్యాడు రాసుకుంటుంది. వేల మైళ్ళు అలా రాసుకుని అక్కడ పలచబడ్డాక వణుకు మొదలవుతుంది. బిగించిన రోజు బండి నున్నగానే నడుస్తుంది కాబట్టి మనం తప్పంతా రోటర్ మీదికి తోస్తాం.

హబ్ ముఖాన్ని వైరు బ్రష్షుతో లోహం మెరిసేదాకా రుద్దండి. రోటర్ పెట్టి, నట్లన్నీ బిగించి, ఊగుడు కొలిచే డయల్ గేజ్ ఆనించి మెల్లగా ఒక చుట్టు తిప్పండి. ముల్లు 0.002 అంగుళం దాటి ఊగితే రోటర్‌ని తీసి, ఒకటి రెండు బోల్టుల మేర తిప్పి పెట్టి మళ్ళీ చూడండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. నట్లని ఎయిర్ గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగించినా ఇదే జబ్బు వస్తుంది. ఫోర్డ్ సూపర్ డ్యూటీకి 165 ఫుట్-పౌండ్లు, షెవీ 2500కి 140. టార్క్ రెంచ్‌తో, ఎదురెదురు నట్లు వరసగా బిగించాలి.

వణుకు స్టీరింగ్‌లో కాక సీటులో తెలిస్తే వెనక రోటర్లు చూడండి. ట్రైలర్ తగిలించినప్పుడే వస్తుంటే ట్రైలర్ డ్రమ్ములు చూడండి.

దిగుడులో బ్రేకు పట్టడం లేదు

ఇది ప్రాణం మీదికి వచ్చే లక్షణం. పెడల్ ఎలా ఉందో గుర్తుపెట్టుకోండి, జబ్బు ఏదో అదే చెబుతుంది.

పెడల్ గట్టిగా ఉన్నా బండి ఆగకపోతే ప్యాడ్లు తట్టుకోగలిగిన వేడి దాటిపోయిందన్నమాట. పెడల్ మెత్తబడి నేలదాకా దిగిపోతే, ప్యాడ్లని రోటర్‌కి నొక్కే క్యాలిపర్‌లో బ్రేక్ ఫ్లూయిడ్ మరిగి ఆవిరైంది. ఆవిరి అణుగుతుంది, ద్రవంలా ఒత్తిడిని మోయలేదు. చల్లారాక పెడల్ మళ్ళీ మామూలుగా గట్టిపడుతుంది. అది చూసి "బాగైపోయింది" అనుకుని బయల్దేరకండి.

ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీల సెల్సియస్. తేమ పట్టాక ఆ కనీసం 140కి పడిపోతుంది. డాట్ 4కి అవి 230, 155. బరువు లాగే బండిలో రెండేళ్ళకోసారి ఫ్లూయిడ్ మార్చేయండి. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, వీటితో కలపకూడదు.

అయితే ఏ ప్యాడ్లు వేసినా, ఏ ఫ్లూయిడ్ పోసినా దిగుడుని బ్రేకులతోనే దిగడం కుదరదు. కొలరాడోలో ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంటుంది. అక్కడినుంచి పడమటికి సిల్వర్‌థార్న్ చేరేలోపు రోడ్డు దాదాపు రెండు వేల అడుగులు దిగిపోతుంది. ఆ ఎత్తులో ఉన్న శక్తిని మొత్తం బ్రేకులే మింగాలంటే, 60 మైళ్ళ వేగం నుంచి వరసగా పదహారుసార్లు పూర్తిగా ఆగినట్టు. బ్రేకులు తప్పిన లారీల కోసం ఆ దిగుడు పక్కనే ఇసక, కంకర ర్యాంపులు కట్టింది ఊరికే కాదు. శ్రీశైలం ఘాట్‌లో లారీ నడిపిన మా మేనమామ "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగరా" అనేవాడు. దిగుడు మొదలవకముందే గేరు దించండి, బరువు లాగేటప్పుడు గేర్లని సర్దే టో-హాల్ మోడ్ వేయండి, డీజిల్ అయితే ఇంజనుతోనే బండిని నెమ్మది చేసే ఎగ్జాస్ట్ బ్రేకు కూడా. వేగం పెరిగితే గట్టిగా తొక్కి, అనుకున్న వేగం కంటే 5 మైళ్ళు తగ్గించి, కాలు పూర్తిగా తీసేయండి. పెడల్ మీద కాలు ఆనించి పెట్టుకుని దిగడమే అన్నిటికంటే చెడ్డ అలవాటు.

ఒక ప్యాడు అరిగింది, ఒకటి కొత్తగానే ఉంది

నా బండికి కుడివైపు లోపలి ప్యాడు 2 మిల్లీమీటర్లకి వచ్చేసింది, బయటిది ఇంకా 7 ఉంది. క్యాలిపర్ జారే పిన్నులు తుప్పుతో బిగుసుకుపోతే ఇలా జరుగుతుంది. పిన్నులు తీసి శుభ్రం చేసి బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు రాయండి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్ళీ బిగుసుకుంటుంది.

ఒక చక్రమంతా వేడెక్కుతుంటే, క్యాలిపర్ నుంచి ఫ్లూయిడ్ బయటికి వదిలే బ్లీడర్ నట్టు కొంచెం వదులు చేయండి. చక్రం వెంటనే వదిలేస్తే లోపల వాచిపోయిన హోసు ఒత్తిడిని తిరిగి వెళ్ళనివ్వడం లేదు, దాన్ని మార్చండి. అయినా వదలకపోతే పిస్టనో పిన్నులో పట్టేశాయి.

కీచుమనే శబ్దం ఒక్కటే ఉంటే ముందు ప్యాడు మందం చూడండి. ప్యాడు అరిగిందని చెప్పే హెచ్చరిక రేకు రోటర్‌కి తగులుతోందేమో.

ఇప్పుడు కొనండి

బరువు లాగే బండికి నా ఎంపిక సెమీ-మెటాలిక్ ప్యాడ్లు. దుమ్ము ఎక్కువ, చలిలో కాస్త మూలుగుతాయి, కానీ వేడిని బాగా తట్టుకుంటాయి. మామూలు సెరామిక్ ప్యాడ్లు నిశ్శబ్దంగా ఉంటాయి, ఊళ్ళో తిరిగే కారుకి హాయి. పదివేల పౌండ్లు వెనక కట్టుకున్నవాళ్ళకి నేను చెప్పను.

ప్యాడు అంచు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. ‘ఈ’ (E) అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ (F) అంటే 0.45 దాకా, ‘జీ’ (G) అంటే 0.55 దాకా. ఎఫ్ఎఫ్, జీజీ మంచివి. ఎఫ్ఈ అని ఉంటే వేడెక్కాక పట్టు జారుతుందని అర్థం, నేనైతే పక్కన పెట్టేస్తాను. అంగుళం చదరపు ముక్క మీద చేసిన పరీక్ష అది, కాబట్టి ఆ అక్షరాలే సర్వస్వం అనుకోకండి. పెట్టె మీద బరువు లాగే బండ్లకని రాసి ఉందో లేదో కూడా చూడండి.

రోటర్లలో రంధ్రాలున్నవి వద్దు. ఒకసారి వేడి, ఒకసారి చల్లదనం తగిలి, రంధ్రం అంచు నుంచి సన్నటి పగుళ్ళు బయల్దేరతాయి. ముఖం మీద గీతల్లా గాళ్ళు చెక్కినవి ఫరవాలేదు. సాదా ముఖం, మధ్యలో గాలి దారులు, హై-కార్బన్ ఇనుము: నాకు ఇవి చాలు. ఒకే కొలత రోటర్లు రెండిట్లో బరువైనది తీసుకోండి, వేడిని దాచుకునేది ఆ ఇనుమే. మంచు రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు తుప్పు పట్టని పూత ఉన్నవి తీసుకోవాలి. పాతవే వాడదామనుకుంటే, కనీస మందం రోటర్ మీదే చెక్కి ఉంటుంది. మైక్రోమీటర్‌తో చుట్టూ ఎనిమిది చోట్ల కొలవండి, ఒక్కచోట తగ్గినా పక్కన పడేయండి. నీలం మచ్చలు పడినవి కూడా అంతే.

బిగించాక ట్రైలర్ లేకుండా బయటికి తీసి, 30 మైళ్ళ వేగం నుంచి మెత్తగా 30 సార్లు ఆపండి, ప్రతిసారికీ మధ్య 30 సెకన్లు చల్లారనివ్వండి. మొదటిసారి ట్రైలర్ కట్టి ఇరవై మైళ్ళు నడిపి ఆగినప్పుడు, వేడి చూసే థర్మామీటర్ గన్‌ని ఎనిమిది చక్రాలకీ పెట్టండి. ఒకే ఇరుసు మీద కుడి ఎడమలు దగ్గరదగ్గరగా ఉండాలి. పోయిన నెల నేను అలా చూసినప్పుడు ట్రైలర్ నాలుగు చక్రాలూ దాదాపు ఒకే వేడి మీద ఉన్నాయి. ఈసారి వేసిన ప్యాడ్లు రెండేళ్ళు దాటినా ఇంకా సగానికి పైగా ఉన్నాయి.